బాపు పట్టు, మామ పట్టు

ఆ కట్టె ముంగటికి జరుపు బిడ్డా. అట్ల కాదు, కొన మంటల ఉండాలె, మొదలు బయటుండాలె. ఆఁ, గట్ల. ఈ యేడు సలి గోదారి మీదికెల్లి నేరుగ మనింట్లకే అత్తన్నట్టుంది.

పొద్దటిసంది సూత్తన్న మీ ఇద్దర్ని. ఒకడు గడప కాడ, ఒకడు మంచం కాడ. మొకం మొకం సూసుకుంటలేరు. సంగతేందని మీ అవ్వనడిగితె, ఎండకాలం పుష్కరాల కాడ పుట్టిన పంచాయితంట, ఇంక తెగలేదంట. 2025 మే 15 నుంచి 26 దాక కాళేశ్వరంల సరస్వతి పుష్కరాలైనయ్ గద. చిన్నోడు పట్నంకెల్లి అచ్చి, గోదారి కనవడ్తంది, ప్రాణహిత కనవడ్తంది, మూడోది యాడుందని అడిగిండట. అది అంతర్వాహిని, నీ కండ్లకు కనవడదని పెద్దోడు. కనవడనిదాంట్ల ఎట్ల మునిగినవని చిన్నోడు. అంతే, ఏడు నెలలు.

నేను ఏ ఒక్కని దిక్కు మాట్లాడ. నాకు ఇసుంటి లొల్లిల అలవాటు శాన ఉన్నది. మా బాపుకు, మా మేనమామకు నడిసింది సూడు, ఏడు నెలలు గాదు, పాతికేండ్లు. అండ్ల నేను ఇద్దరికి కూలోన్ని.

మనది మగ్గం ఇల్లు. అప్పట్ల మహదేవపూర్ అంటె దసలి పట్టు. మీకు ఇప్పుడు పట్టు అంటె దుకాణంల తళతళ మెరిసేదే ఎర్కగాని, దసలి అట్ల మెరవదు. ఎండిన గడ్డిరంగు, తేనె రంగు కలిసినట్టుంటది. పురుగు అడివిల మద్దిచెట్ల మీద మేసి కాయ కడ్తది. ఆ కాయకు ఓ తొడిమె ఉంటది, అది కొమ్మకు ఉంగరం తీర్గ సుట్టుకుంటది. గాలికి రాలదు, వానకు నానదు. గోరుతోని గిల్లితె గోరే ఇరుగుతది. మా అవ్వ కాయల్ని కుండల ఏసి సోడపొడి కలిపి ఉడకబెట్టేది. ఆ వాసన ఇంటికి చుట్టాలత్తె ముక్కు మూసుకునేటోల్లు, మాకు ఆకలైతుండె. ఉడికినంక ఒక్కో కాయ ఏళ్ల మధ్య పట్టుకొని పైన అట్లిట్ల రుద్దుతది. మొదలు దొరికేదాక రుద్దుడే. దొరికిందా, ఇగ తొడ మీద పేనుకుంట పొద్దుందాక గుంజుతనే ఉంటది. తక్కువ ఉడికితె దారం తెగుతది, ఎక్కువ ఉడికితె మెత్తవడి చేతికి రాదు. ఎంతసేపు ఉడకాలెనంటె అవ్వ చెప్పకపోవు. 'వాసన మారుతది గద' అనేది.

ఆ బట్ట మంథని అయ్యగార్లు మడికని కొనుక్కపోయేటోల్లు. మా మామ నవ్వేటోడు: 'పురుగును ఉడకబెట్టిన బట్ట మడంట, మనం తిన్న ఉల్లిగడ్డ మైలంట.' మా బాపు దానికి నవ్వకపోవు. దేవుని ముచ్చటల ఎకసక్కెం ఆయనకు గిట్టది.

మా బాపు నొసటికి అడ్డం మూడు గీతలు, ఇబూతి. మా మామ నొసటికి నిలువు నామం. పద్మశాలోల్లల్ల గది కొత్త కాదు, ఇబూతి పెట్టుకునేటోల్లు, నామం పెట్టుకునేటోల్లు పిల్లనిచ్చుకుంటరు, పిల్లను తెచ్చుకుంటరు. పెండ్లి పీటల మీద ఎవ్వలు అడగరు. అడిగేదంత పెండ్లైనంక. మామ మా అవ్వకు తమ్ముడు, బాపును 'బావా' అని పిలుసుడే గాని, ఆ 'బావా'ల సగం గౌరవం, సగం సూది.

అసలు ముచ్చట కాళేశ్వరం. మీరు కార్ల అర్ధగంటల పోతరు. అప్పుడు శివరాత్రికి కోడి కూయంగ ఎడ్లబండి కట్టేది. గుడి మీకు తెలిసిందే. ఒక్క పానవట్టం, దాని మీద రెండు లింగాలు. ఒకటి కాలుడు, అంటె యముడు. ఇంకోటి ముక్తేశ్వరుడు, శివుడు. ముందుగాల కాలునికి మొక్కాలె, తర్వాత ముక్తేశ్వరునికి. అది ఆడి పద్ధతి. ముక్తేశ్వరునికి రెండు రంధ్రాలుంటయ్, ఎన్ని నీళ్లు పోసినా పైకి పొంగవు, సంగమంల తేలుతయంటరు. ఎనకట ఒక కోమటాయన వందల కుండల పాలు పోపిచ్చి నదిల సూసిండని చెప్తరు. (చిన్నోడా, నోరు తెరవకు. పరీక్ష చేత్తవా, చెయ్యి, ఎవలొద్దన్నరు. పాల పైసలు నీయే.)

మా బాపు కాలునికి మొక్కడు.

'మన మార్కండేయుని మెడకు పాశం ఏసినోడు, వానికి నేను మొక్కాల్నా?' అంటడు. మార్కండేయుడు మన కులానికి మూలపురుషుడు గద. ఆయన కొడుకు భావనారుషి తామరతూండ్ల దారంతోని మొదటి బట్ట నేసిండని, ఆడికెల్లే పద్మశాలోల్లమైనమని మన కథ. యాడాదికోపాలి కూనపులోల్లు పటం పట్టుకొని అచ్చేటోల్లు. గోడకు నిలువుగ కట్టి, ఒక్కో బొమ్మను ఇప్పుకుంట, పాడుకుంట చెప్పేటోల్లు. ఎర్రటి మన్ను రంగు మీద నల్లటి దున్నపోతు, దాని మీద యముడు, గుడ్లు ఇంతింత. ఆ బొమ్మ అచ్చినప్పుడు పిల్లలమంత అవ్వల కొంగుల్ల. దాని కిందనే శివుడు లింగం చీల్చుకొని అచ్చి యముని రొమ్ముల తన్నే బొమ్మ. ఆడికి రాంగనే బాపు దండం పెట్టి, కూనపులాయనకు బియ్యం మీద ఇంకో గిద్దెడు ఎక్కువ పోసేటోడు.

గని ఆలోచించు, ఒక్క పానవట్టం మీదున్న ఇద్దరిల ఒకాయనకే మొక్కుడెట్ల? మా బాపు దానికీ ఉపాయం చేసిండు. లోపటికి పోంగనే అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుంటడు, బండికి కట్టిన గుర్రానికి కండ్ల గంతలు ఉండవా, గట్ల. కాలుడు కనవడకుండ. ఇంకో చేత్తోని చెంబెడు నీళ్లు ముక్తేశ్వరుని మీద. ఆ నీళ్లు ఊకుంటయా? జారి ఇద్దర్ని తడిపి ఒక్క తూముల పోతయ్. మామ ఎనుక నిలవడి మెల్లగ అంటడు, 'బావా, నీ శివుడే ఆయన్ను పక్కపొంటి కూసోబెట్టుకున్నడు. కాలు దగిలిన కాడ రాజీ గూడ అయినట్టుంది. నీకింకేంది?'

అంతే. ఇగ బండి మహదేవపూర్ చేరేదాక అదే లొల్లి. ఎడ్లు గూడ చెవులు ఎనుకకు పెట్టి ఇంటున్నయా అనిపిచ్చేది.

మామకు చదువొచ్చు. రాత్రిపూట మా వాకిట్ల కందిలి పెట్టుకొని పోతన భాగవతం చదివేటోడు. బాపుకు అక్షరం రాదు. నిజాం కాలంల పుట్టినోడు, ఊర్ల బడి ఉంటె ఉర్దూ, మగ్గం గుంట ఇడిసి పోయేదెవ్వడు. మామ చదువంగ ఇనుకుంట మగ్గం మీద కూసుండి పండ్లు కొరికేటోడు. ఓనాడు ఓ జంగమయ్య తాన పాల్కురికి సోమనాథుని బసవపురాణం పట్టుకచ్చిండు. నా ముంగట పెట్టి, 'చదువు' అన్నడు. నాకు పదేండ్లు. ద్విపద గదా, నడక దొరికితె పిల్లగాడు గూడ చదువుతడు. అర్థం కానిది జంగమయ్య అచ్చినప్పుడు చెప్పేటోడు. అట్ల నాకు పని దొరికింది. మామ మీద ఎయ్యనీకి బాపుకు బసవపురాణంల రాళ్లేరియ్యాలె. ఒక్క మంచి రాయికి పిడికెడు పల్లీలు. నాలుగు దినాలకు మామకు తెలిసింది. 'అరే అల్లుడా, భాగవతంల నాకూ ఏరు, బెల్లంగడ్డ ఇత్త.' ఇద్దరి తాన తిన్న. ఆ రెండు పుస్తకాలు నాకు ఈనాటికి నోట్లనే ఉన్నయంటె, భక్తి గాదు, బెల్లం.

సోమనాథుడు మన పాలకుర్తోడు, అగో జనగామ కాడిది. ఆయనకు శివుడు తప్ప ఇంకో ముచ్చట లేదు. లింగం కట్టనోడు భవి. వాని మొకం సూడొద్దు, వాని కూడు తినొద్దు. అట్లాంటి కథలు అండ్ల కొల్లలు. మడివాలు మాచయ్య అని చాకలాయన, భక్తుల బట్టలే ఉతుకుతడు, భవి బట్ట ముట్టడు, మూట మీద ఎవ్వడన్న చెయ్యేత్తె అయిపాయె. మా బాపుకు మాచయ్య అంటె పానం. 'సూసినవా, చేతిపని చేసుకునేటోడు రాజు ముంగట గూడ తల వంచలే' అనేటోడు. మామ ఊకుంటడా? 'కులం గోడ కూలగొట్టిండు మీ సోమన, మంచిదే. ఆ రాళ్లతోనే ఇంకో గోడ కట్టిండు గదా బావా.'

అప్పుడు నాకు మామదే గెలుపనిపిచ్చింది. ఇప్పుడు అట్లనిపిత్తలేదు. సూడుండ్రి, ఆ పుస్తకంల ఎవలున్నరు? చాకలాయన, మాదిగాయన, బోయ కన్నప్ప. ఊరు వాకిట్లకు రానియ్యనోల్లు. ఇంటికాడ కులమిడిసి, పాత దేవుండ్ల నిడిసి, మెడల లింగమొక్కటి కట్టుకొని బయటికచ్చినోల్లు. ఎనుకకు పోనీకి దారి లేదు. ముంగట ఒక్కటే దేవుడు, ఒక్కటే బంతి. ఆ బంతి చెదిరితె మల్ల ఊరవతలికే. మరి గోడ కట్టుకోక ఏం చేత్తరు? బయటికెల్లి సూసినోనికి మూర్ఖమే. లోపల ఉన్నోనికి అది కప్పు. గోడ ఎత్తు జూసి తిట్టుడు అల్కగనే ఉంటది గాని, వాడు ఏ గాలికి భయపడి కట్టిండో అడిగినోన్ని నేను తక్కువ సూసిన.

పోతన ముచ్చట ఇంక రంజుగుంటది. ఆయనది బమ్మెర, పాలకుర్తి మండలమే. ఒకే దిక్కు మట్టి. సోమనకు, పోతనకు నడుమ తరాలు గడిసినయ్ గని, ఊర్లు మాత్రం నడిసిపొయ్యేటంత దూరం. ఓనాడు మా బడిపంతులు చెప్పిండు, పోతన మొదలు రాసింది భాగవతం గాదు, వీరభద్రవిజయం అని, శైవుల ఇంట్ల పుట్టి శైవగురువు మాట మీద రాసిండని. నేను ఉరికచ్చి బాపుకు చెప్పిన. ఆ దినం పల్లీలు పిడికెడు గాదు, రుమాలు నిండ. బాపు మగ్గం ఆపి వీధిలకే పోయి అరిసిండు, 'మీ పోతన మావోడేరా!' మామ రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం కందిలి పెట్టుకుంట అన్నడు: 'మీవోడై పుట్టిండు. మా తాన పెరిగిండు.'

నిజానికి ఇద్దరు ఒకటి పట్టిచ్చుకోలే. దక్షుని యజ్ఞం కథను పోతన రెండుపాల్లు చెప్పిండు. వీరభద్రవిజయంల వీరభద్రుడు యజ్ఞం ధ్వంసం చేసి దేవతల్ని చితకగొట్టుడే అసలు పండుగ. అదే కథ భాగవతం నాలుగో స్కంధంల అచ్చేసరికి, కొట్లాట అయినంక ఏందనేది గూడ పెద్దగనే ఉంటది. బ్రహ్మ అందర్ని తోలుకొని కైలాసం పోవుడు, శివుడు సల్లవడుడు, దక్షునికి మేకపోతు తల పెట్టుడు, విష్ణువచ్చి మా ముగ్గుర్ని వేరుగ సూడనోనికే శాంతి అనుడు. ఒక్క మనిషే, ఒక్క కథే. మొదటిపాలి కొట్లాట కాడ నిలవడి చెప్పిండు, రెండోపాలి కొట్లాట దాటి చెప్పిండు. ఆ నడుమ ఆయన ఎవలతోని వాదులాడిండో, ఏ రాత్రి నిద్రపోలేదో మనకేం ఎర్క. ఆయన చెప్పుకున్నది ఒక్కటే. చంద్రగ్రహణం నాడు గంగల మునిగి, ఇసుక మీద కూసొని శివుణ్ణి తలుసుకుంటాంటె, ఎదురుంగ రాముడు నిలవడి భాగవతం తెలుగు చెయ్యమన్నడు. శివుణ్ణి తలిత్తె రాముడచ్చిండు! మా బాపుకు ఆ ఒక్క ముచ్చట మింగుడువడకపోవు. మామకేమో అండ్ల శివధ్యానం అనే మాట కాడ గొంతు జెర చిన్నగైతుండె.

గంగ అంటె మన దిక్కు గోదారే గద. ఇయ్యాల్టికి ముసలోల్లం 'గంగకు పోయత్తం' అంటం. అందుకని మామ ఆ గంగ కాళేశ్వరమే అని తేల్చేసిండు. 'పుస్తకంల ఊరి పేరున్నదా?' అని బాపు. లేదు. ఉంటె పండితులు అన్నేండ్లు కొట్టుకపోదురా? పోతనది ఓరుగల్లని ఈ దిక్కోల్లు, కడప ఒంటిమిట్టని ఆ దిక్కోల్లు, ఏకశిలానగరం అన్న ఒక్క మాట పట్టుకొని ఎన్ని పుస్తకాలు అచ్చేసిన్రో! చదువుకున్నోల్లు, నొసలు మీద ఏ గీత లేనోల్లు గూడ అట్లనే. మన పాలకుర్తి గుట్ట చూడాలె నువ్వు. ఒక గుహల సోమేశ్వరుడు, పక్క గుహల లక్ష్మీనరసింహుడు. సోమన ఊర్లనే.

ఆఁ, ఏడున్నం? పన్నెండో స్కంధం. అప్పటికి నాకు పద్నాలుగు. మామకని ఎతుకుతుంటె మార్కండేయుడు దొరికిండు, మన మార్కండేయుడే, మామ పుస్తకంల! చేతులు వణికినయ్. రాత్రి ఇద్దరి ముంగట చదివిన. అండ్ల యముడు లేడు, పాశం లేదు, తన్నుడు లేదు. మార్కండేయుడు హరిని కొలిసి మృత్యువును గెలిసిండని ఉన్నది. మామ తొడ చరిసిండు. బాపు లేసిండు. మొకం సూడలేకపోయిన. 'ఉన్న ఒక్కన్ని గూడ గుంజుకుంటిరా?' అన్నడు. అరుపు గాదు అది. నాకు అప్పటిదాక బాపు గొంతుల ఆ మోత ఎర్క లేదు. నేను గబగబ ముంగటికి చదివిన. ఆ కథ చివరికి శివుడు పార్వతిని తోలుకొని ఆ ముని తానికి తనే అత్తడు, నాకు, బ్రహ్మకు, హరికి భేదం లేదని చెప్తడు. చదివేసరికి వాకిట్ల ఎవ్వలు లేరు. బాపు బయటికి పోయిండు. మామ కందిలి ఒత్తి దించిండు.

అప్పుడు మా అవ్వ, కుండ కాడికెల్లి, తల ఎత్తకుంటనే అన్నది. 'తమ్మీ, యముని ముచ్చట ఇగ సాలియ్యి.'

'నేనేమన్ననక్కా?'

'నీ పెద్దల్లుడు పోయిన్నాడు నువ్వు సిరివంచల ఉన్నవ్. నీకేం ఎర్క.'

నాకు గూడ ఎర్క లేదు. నాకు ముందుగాల ఒక అన్న ఉండెనట. మూడేండ్లోడు. గత్తరచ్చి ఊర్ల పొద్దుకిద్దరు పోతున్న దినాలట. బాపు నడుసుకుంట కాళేశ్వరం పోయి, కాలుని ముంగట కూసున్నడట. పద్ధతి తప్పలేదు, ముందుగాల ఆయనకే నీళ్లు పోసిండు. పోరన్ని ఇడిసిపెట్టమని తల పానవట్టానికి కొట్టుకున్నడట. తీర్థం దొన్నెల పట్టుకొని, ఒక్క చుక్క పోకుండ, ఊరికచ్చేసరికి మన్ను చేసి అచ్చిన్రు. ఆ దొన్నె గోడకు కొట్టలేదు, పారబొయ్యలేదు. చెట్టు మొదట్ల వంపిండట. మర్నాడు మగ్గమెక్కిండు. ఆడికెల్లి కాలుని మొకం సూడలే.

నేను పెద్దగైనంక దీన్ని శానపాల్లు తిప్పి సూసిన. మార్కండేయుడు, పాశం, కులపెద్ద, అవన్ని బాపు నిజంగనే నమ్మిండు, అబద్ధం గాదు. గని కోపమంత ఒకాయన మీద పెట్టిండు గనకనే ఇంకొకాయన్ను దక్కిచ్చుకున్నడు. ఆ చెయ్యి అడ్డం తీసిన్రోజు, శివుడు మార్కండేయునికి లేసచ్చి నా కొడుక్కెందుకు రాలేదన్న మాట లేత్తది. ఆ మాటకు ఆయన తాన జవాబు లేదు. మామ నవ్వుకుంట గుంజింది ఆ చెయ్యినే.

మామకు గూడ ఓటి ఉండె. మా అత్త చెప్పింది, ఆయన సచ్చినంక. నామం పెట్టుకోకముందు కల్లు ముంత నోటికెల్లి దిగకపోవునట, మగ్గం గూడ ఓపాలి కుదవ పెట్టిండట. గురువు నామం దిద్దిన్నాడు మానిండు. ఆ గీత ఒక్క దినం చెరిగితె మల్ల తాళ్ళల్లకు పోతనేమోనని నిద్రల గూడ నొసలు తడుముకునేటోడట. మరి ఎవ్వడన్న ఆ గీతను ఓ మాటంటె ఎట్ల ఊకుంటడు?

ఆ రాత్రితోని వాదం బందైందనుకుంటున్నరా? ఎక్కడిది! మూడో దినం మల్ల కందిలి, మల్ల లొల్లి. యముని ముచ్చట మాత్రం మామ నోట మల్ల రాలే. శివరాత్రికి బాపు చెయ్యి అడ్డం పెట్టుకుంటె, మామ ముందుకచ్చి ఆ పక్కన నిలవడేటోడు, కాలునికి బాపుకు నడుమ, తన పెద్ద పొట్టతోని. బాపుకు చెయ్యి నొయ్యకుండ. బాపు గూడ మారిండు, కొంచెం. బసవపురాణం ఎతుక్కునుడు నా మీదికెల్లి ఇడిసి, అక్షరాలు నేర్పమన్నడు. యాభై యేండ్లకు. ఎవలు నేర్పిన్రు? మామనే. పలక మీద 'ఓ' రాపిచ్చి, 'నమశ్శివాయ'నా, 'నమో నారాయణాయ'నా అని ఆడనే మల్ల షురూ.

మామ 1979ల పోయిండు, గోదారి పుష్కరాల యేడు. కొడుకులు లేరు. బొక్కలు కాళేశ్వరంల కలుపనీకి బాపు, నేను పోయినం. బాపుకు డెబ్బై దాటినయ్. సంగమం కాడ ఇసుకల పని కానిచ్చి, తడిబట్టలతోనే గుడికి నడిసిండు. లోపట జనం పలసగున్నరు. నేను అలవాటుగ ఆయన చెయ్యి లేత్తదని సూత్తన్న. లేవలే. చెంబు రెండు చేతుల పట్టుకొని మొట్టమొదలు కాలుని మీదనే పోసిండు. వంగి, చెవుల చెప్పినట్టు అన్నడు. నేను పక్కనే ఉన్న గనక ఇనవడ్డది.

'మా బామ్మర్దచ్చిండు నీ తానికి. మంచోడు. నీ మాటకు మాట అడ్డమేత్తడు, జెర ఓపిక పట్టు.'

బయటికచ్చి మెట్ల మీద కూసొని శానసేపు గోదారి దిక్కు సూసిండు. ఏం మాట్లాడలే, నేనడగలే.

మరుసటేడు శివరాత్రికి మల్ల పోయినం. నేను అనుకున్న, ఇగ బాపు మారిండు, ఇద్దరికి మొక్కుతడని. లోపటికి పోంగనే మల్ల అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకున్నడు, ఎప్పటి తీర్గనే. గని ఏళ్లు దగ్గరికి లేవు.